యంత్రము పలికించును, మాటలాడించునా?

యంత్రముతో భాష నేర్పవచ్చుననెడి ఆశ క్రొత్తది కాదు. 1957లో సోవియట్ రష్యా స్పుత్నిక్‌ను ప్రయోగించగా, అమెరికా తన పాఠశాలలలో విజ్ఞానశాస్త్రములతో పాటు విదేశభాషలను గూడ బలపరుపదలచి 1958లో ఒక శాసనము చేసెను. ఆ ధనసహాయముతో అనేక పాఠశాలలలో భాషాప్రయోగశాలలు వెలసినవి. టేపురికార్డరు ఒక వాక్యమును వినిపించును. విద్యార్థి దానిని తిరిగి పలుకును. భాష ఒక అలవాటు, అలవాటు పునశ్చరణము వలన కలుగును అనునదే దీనికి ఆధారమైన సిద్ధాంతము.

ఈ సిద్ధాంతము ఎంతోకాలము నిలువలేదు. భాషను అలవాటుగా వివరించిన స్కిన్నర్ గ్రంథమును 1959లో చామ్‌స్కీ తీవ్రముగా విమర్శించెను. ఎన్నడును వినని వాక్యమును సైతము పసివాడు కూర్చగలడు. అది వట్టి అనుకరణము కాజాలదు. పెన్సిల్వేనియా రాష్ట్రపు ఉన్నత పాఠశాలలలో ఫ్రెంచి, జర్మను భాషలను నేర్చువారిని పరిశీలించి 1970లో ప్రకటించిన ఫలితములలో, వారమునకు రెండు మారులు ప్రయోగశాలకు పోయినందువలన చెప్పుకోదగిన లాభమేమియు కానరాలేదు.

లోపమెక్కడ? మన భాషనుండియే ఒక ఉదాహరణము చూడుడు. ఇంగ్లీషులో పడమరకును, బనియనుకును ఉన్న రెండు వేరువేరు మాటలను మనము ‘వెస్టు’ అనియే పలుకుదుము. మొదటిదానికి పెదవులను గుండ్రముగా చుట్టవలెను. రెండవదానికి క్రింది పెదవిని పై పండ్లకు తాకింపవలెను. ఈ భేదమును వినజాలని చెవికి టేపు నూరు మారులు వినిపించినను, తప్పే గట్టిపడును. తనను తాను దిద్దుకొనువాడు ముందుగా తప్పును గుర్తింపగలిగి యుండవలెను గదా!

నేటి సెల్‌ఫోను టేపుకంటె తెలివైనది. మన పలుకును విని తప్పొప్పులు చెప్పును. ఐనను మాటలను గుర్తించు యంత్రము తరచు సందర్భమును బట్టి ఊహించును. సూర్యుడు ‘బనియనున’ అస్తమించెనని మనము పలికినను, అది పడమరయని గ్రహించి ఒప్పనవచ్చును! దాని ఊహాశక్తియే మన తప్పును కప్పివేయును.

అట్లని యంత్రమును వెలివేయరాదు. నేర్చినది కాలక్రమమున మరపునకు వచ్చు తీరును ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే కొలిచి చూపెను. మరచుటకు ముందే మాటను తిరిగి జ్ఞప్తికి తెచ్చు పని ఫోను చక్కగా చేయగలదు. ఏబదిమంది గల తరగతిలో ప్రతి విద్యార్థికిని వలసినన్ని మారులు వినిపించుట ఉపాధ్యాయునికి సాధ్యము కాదు, ఫోనుకు సాధ్యము.

కాని అదే ఫోను క్షణములో వ్యాసమును గూడ వ్రాసి యిచ్చుచున్నది. ఇంటికి వ్యాసమునిచ్చి మార్కులు వేయు పద్ధతి ఇక విద్యార్థిని కొలువదు. అతని ఫోనును కొలుచును. కావున వినుటయు, వల్లెవేయుటయు ఇంటికి పంపి, మాటలాడుటను తరగతికి తేవలెను. ఒక విద్యార్థికి ఊరి పటము నిచ్చి, వేరొకనిని దానిని చూడకుండ దారి యడుగుమనుడు. ఒకనికి తెలిసినది వేరొకనికి తెలియనపుడే మాటకు పని కలుగును. ఆ అవసరమును కల్పించుటయే ఉపాధ్యాయుని పని. ప్రయోగశాలలను కట్టినవారు మరచినది ఇదియే. ఫోనులను పంచువారైనను మరువకుందురు గాక.