రెండు ప్రభుత్వాల మధ్య ఒక జీతం

హైదరాబాద్‌లో పనిచేస్తున్న ఇంజనీరు ఒకరు అక్టోబరు మధ్యలో డాలస్ కంపెనీలో ఉద్యోగంలో చేరారనుకుందాం. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఆయన విమానం ఎక్కేనాటికే ఇక్కడ 182 రోజులు దాటిపోయాయి. కాబట్టి పన్ను చట్టం లెక్కలో వచ్చే మార్చి దాకా ఆయన భారత రెసిడెంటే, అంటే ఇక్కడి నివాసే. డాలస్ జీతం మీదా ఇక్కడ పన్ను లెక్క చూపాలి. అమెరికా పన్ను సంవత్సరం జనవరిలో మొదలవుతుంది. మరుసటి ఏడాదంతా ఆయన అక్కడే ఉంటారు కనుక జనవరి 1 నుంచి అమెరికాకూ ఆయన రెసిడెంటే. ఆ మూడు నెలలు ఒక్క మనిషిని రెండు ప్రభుత్వాలు తనవాడంటాయి. ఎవరి చట్టం ప్రకారం వారిది న్యాయమే.

1989 సెప్టెంబరు 12న ఢిల్లీలో రెండు దేశాలు సంతకం చేసిన పన్ను ఒప్పందంలో ఈ చిక్కు విప్పేది 4వ అధికరణం రెండో పేరా. అంత తక్కువ మాటల్లో అంత ఆలోచన ఇమిడిన చట్టపాఠం నేను అరుదుగా చదివాను.

మొదట అది అడిగేది ఇల్లు. స్థిరంగా ఉండే ఇల్లు ఏ దేశంలో ఉందో ఆ దేశానికే ఆయన రెసిడెంట్. మన ఇంజనీరుకు డాలస్‌లో అద్దె ఇల్లుంది. పిల్లల చదువు మధ్యలో ఆపలేక కుటుంబం కూకట్‌పల్లి ఫ్లాట్‌లోనే ఉంది. రెండు చోట్లా ఇల్లు ఉన్నప్పుడు, మనిషికీ డబ్బుకీ సంబంధించిన బంధాలు ఎక్కడ దగ్గరగా ఉన్నాయని అడుగుతుంది. భార్యాపిల్లలు, ఉద్యోగం, పొదుపు, ఆస్తి అన్నీ కలిపి తూచాలి. అదీ తేలకపోతే అలవాటుగా ఎక్కడ ఉంటున్నారని చూస్తుంది. అప్పటికీ తేలకపోతేనే పాస్‌పోర్టు. అది కూడా జవాబివ్వకపోతే రెండు దేశాల అధికారులు కూర్చుని మాట్లాడుకుని తేల్చాలి.

ఈ పనితనమంతా వరసలో ఉంది. పౌరసత్వాన్ని ముందు పెడితే పని నిమిషంలో అయిపోయేది, వాదనకు చోటుండేది కాదు. కానీ పాస్‌పోర్టు ఒక దేశానిది, బతుకు ఇంకో దేశంలో ఉన్నవాళ్లకు అది అన్యాయం చేసేది. అందుకే దాన్ని నాలుగో చోటికి దించారు. ముందు ప్రశ్నతోనే తేలిపోతే తర్వాతి ప్రశ్న వేయకూడదు. ఈ వరస 1989లో పుట్టింది కాదు. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) పన్ను ఒప్పందాల కోసం తయారుచేసిన 1963 నమూనా ముసాయిదాలోనే ఉంది. ఎన్నో దేశాల ఒప్పందాల్లో నేటికీ అదే నడుస్తోంది.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చిన జీతం సంగతి 16వ అధికరణం చూస్తుంది. పని ఏ దేశంలో చేస్తే ఆ దేశం పన్ను వేయవచ్చు. మినహాయింపు కావాలంటే మూడు షరతులూ కలవాలి: పన్ను ఏడాదిలో అక్కడ ఉన్నది 183 రోజులు మించకూడదు, జీతమిచ్చే యజమాని ఆ దేశపువాడు కాకూడదు, ఆ ఖర్చు అక్కడి శాఖ లెక్కలో పడకూడదు. హైదరాబాద్ కంపెనీ తన ఉద్యోగిని రెండు నెలలు ఆన్‌సైట్‌కు పంపి జీతం తానే భరిస్తే, అమెరికా ఆ జీతం జోలికి రాదు. మన ఇంజనీరుకు రోజులు తక్కువే అయినా యజమాని అమెరికా కంపెనీ. రెండో షరతు దగ్గరే ఆగిపోతారు. మూడో షరతు నాకు మరీ నచ్చుతుంది. జీతం హైదరాబాద్‌లో ఇచ్చినట్టు చూపి ఖర్చును అమెరికా శాఖ లాభంలోంచి తగ్గించుకునే దారిని అది ముందే మూసేసింది.

అలా రెండుచోట్లా పన్ను పడిన జీతానికి 25వ అధికరణం ఊరటనిస్తుంది. అమెరికాలో నేరుగా కట్టినా, జీతంలోంచి కోసినా, ఆ పన్నును ఇక్కడి పన్నులోంచి తగ్గించుకోవచ్చు. అయితే ఆ ఆదాయంపై ఇక్కడ పడే పన్ను మేరకే. ఆ హద్దు లేకపోతే అమెరికా ఖజానాకు చేరిన పన్నులో కొంత భారత ఖజానా భరించాల్సి వచ్చేది.

లోపాలు లేవనను. అమెరికా రాష్ట్రాలు వేసే ఆదాయపు పన్ను, సోషల్ సెక్యూరిటీ కోతలు ఈ ఒప్పందంలోకి రావు. సోషల్ సెక్యూరిటీ కోతలకు వేరే ఒప్పందం కావాలి, అది మనకు ఇంకా లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారిపై, వారు ఎక్కడ ఉన్నా, పన్ను వేసే హక్కును ఆ దేశం 1వ అధికరణంలోనే అట్టిపెట్టుకుంది.

మన ఇళ్లనుంచి చదువుకు వెళ్లే పిల్లలకు ముఖ్యమైనది 21వ అధికరణం. సాధారణంగా నాన్‌రెసిడెంట్లకు అమెరికా స్టాండర్డ్ డిడక్షన్ ఇవ్వదు. క్యాంపస్‌లో ఉద్యోగం చేసుకునే భారతీయ విద్యార్థికి మాత్రం రెసిడెంట్లకున్న రాయితీలే వర్తిస్తాయని ఇందులో ఒక్క వాక్యం రాశారు. దాని బలంతో వాళ్లు ఆ డిడక్షన్ తీసుకుంటున్నారు. గడువు దగ్గర చూపిన విచక్షణ ఇంకా గొప్పది. జీతం దగ్గర రోజులు లెక్కపెట్టిన ఒప్పందం ఇక్కడ ఏళ్లు లెక్కపెట్టలేదు. చదువు ముగించడానికి మామూలుగా ఎంతకాలం పడుతుందో అంతకాలం అని వదిలింది. ఎంఎస్‌కు రెండేళ్లు చాలవచ్చు, పీహెచ్‌డీకి ఐదారేళ్లు పట్టవచ్చు. ఆ ఇద్దరికీ అదే వాక్యం సరిపోతుంది.