ఆ నీళ్లు కూడా తోస్తున్నాయి

ఇల్లు కట్టేచోట మేస్త్రీ నీళ్లు నింపిన లెవెల్ పైపు పట్టుకుని గోడల మీద గీతలు పెట్టడం మనందరం చూసిందే. రెండు కొసల మీదా గాలి ఒత్తిడి ఒక్కటే కాబట్టి నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. ఒక కొసలో నోరు పెట్టి మెల్లగా ఊదండి. అటు నీళ్లు దిగుతాయి, ఇటు లేస్తాయి. ఆ రెండు మట్టాల తేడాను స్కేలుతో కొలిస్తే మీరు ఊదిన ఒత్తిడి తెలిసిపోతుంది.

హైడ్రాలిక్స్ ల్యాబ్‌లో కొత్త బ్యాచ్ రాగానే నేను ముందు చేయించేది ఇదే. యూ-ట్యూబు మానోమీటర్ ఆ తర్వాత. వాతావరణ ఒత్తిడిని నీళ్లతో తూచాలంటే పది మీటర్లకు పైగా గొట్టం కావాలి. పాదరసం నీటికన్నా 13.6 రెట్లు సాంద్రమైనది కాబట్టి 76 సెంటీమీటర్లు చాలు. 1643లో టోరిచెల్లి పాదరసంతో చేసిన ప్రయోగానికి పనికొచ్చిన గుణం అదే. ఫ్యాను గాలిలాంటి చిన్న ఒత్తిళ్లకు మాత్రం గొట్టాన్ని ఏటవాలుగా వాలుస్తాం. 30 డిగ్రీల వాలులో ఒక మిల్లీమీటరు ఎత్తు గొట్టం వెంట రెండు మిల్లీమీటర్లుగా కనిపిస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటేస్తుంది.

పిల్లలు తడబడేది పైపులో ప్రవాహాన్ని కొలిచే వెంచురీమీటర్ దగ్గర, దానికి తగిలించిన పాదరసం యూ-ట్యూబు చదివేటప్పుడు. ముందు కుళాయిలు విప్పి గొట్టాల్లోని గాలి బుడగలన్నీ వదలాలి. ఒక్క బుడగ చిక్కుకున్నా రీడింగ్ తప్పే. కన్ను పాదరసం మట్టానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. ఉబ్బిన నడినెత్తి దగ్గర చదవాలి. రెండు పాదరసం మట్టాల తేడా 10 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, 13.6తో గుణించి 136 సెంటీమీటర్ల నీటి ఎత్తు అని రాసేస్తారు. పోయినవారం ఒకమ్మాయి పెన్ను ఆపి గొట్టం వైపే చూస్తూ నిలబడింది. "సార్, పాదరసం దిగిన వైపు ఆ పది సెంటీమీటర్లలో నీళ్లున్నాయి కదా, అవి కూడా తోస్తున్నాయి కదా!" అంది. అవును తల్లీ, అందుకే 13.6లోంచి ఒకటి తీసేసి 12.6తో గుణిస్తాం. జవాబు 126. ఫార్ములా నేను చెప్పకముందే ఆ పిల్ల కంటితో పట్టుకుంది.

పాదరసం విషం. దాన్ని ల్యాబుల నుంచి తొలగించడం న్యాయమే. కానీ దాంతోపాటు గాజు గొట్టాలన్నీ తీసేసి డిజిటల్ మీటర్లు మాత్రమే పెడుతున్నారు. అంకె కనిపిస్తుంది, తోపు కనిపించదు. తోటి అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే: రంగు నీళ్లు నింపిన యూ-ట్యూబు ఒక్కటైనా గోడ మీద ఉంచండి.