కట్టుకున్న కాళ్ళకు కవచం

బెంగళూరు కుందలహళ్ళి ఏఈసీఎస్ లేఅవుట్‌లో ఉండే మా అక్క కొడుకు కొత్తగా కొన్న జంపింగ్ స్టిల్ట్స్ నా ముందు పెట్టి, "పిన్నీ, బైకు హెల్మెట్ ఉందిగా, అది చాలదూ?" అన్నాడు. చాలదు. ఎందుకో చెప్పాలంటే ముందు మరగాళ్ళ, అంటే కర్రకాళ్ళ, సంగతి ఎత్తుకోవాలి.

ఆదిలాబాద్ గోండు గూడేల్లో పొలాల అమావాస్య రోజుల్లో పిల్లలు వెదురు మరుగోళ్ళ మీద తిరుగుతారు. ఛత్తీస్‌గఢ్‌లో హరేలీ పండక్కి ఎక్కే గేడీ కూడా ఆ కోవలోదే. ఈ రెండింటిలో గడను చేత్తో పట్టుకుంటారు. తూలితే వదిలేసి నేల మీదికి దూకేయొచ్చు. ఊరేగింపుల్లో కనిపించే మరగాళ్ళు వేరు. పిక్కకు గుడ్డ చుట్టి, కర్రను కాలికే కట్టేస్తారు. చేతులు ఆటకు ఖాళీ అవుతాయి, కానీ పడితే కర్ర కూడా మనిషితోపాటే పడుతుంది. జర్మన్ ఇంజనీరు అలెగ్జాండర్ బ్యోక్ 1990ల చివర్లో రూపొందించిన పవర్‌స్కిప్, దాన్ని చూసి వచ్చిన జంపింగ్ స్టిల్ట్స్ అన్నీ ఈ రెండో రకానివే. పాదానికి బకిళ్ళు, మోకాలి కింద పట్టీ, వెనక విల్లులా వంగే ఫైబర్‌గ్లాస్ బద్ద, అడుగున చిన్న రబ్బరు గిట్ట. ఆ గిట్ట మీద కదలకుండా నిలబడడం కుదరదు, ఉన్నచోటే అడుగులు వేస్తూ ఉండాలి. ఆగితే పడిపోతాం, కాలు విడిపించుకునే వ్యవధి ఉండదు. అందుకే రక్షణ సామాను కొనేముందు ఎలా పడతామో ఊహించుకోవాలి.

170 సెంటీమీటర్ల మనిషిని ఇవి దాదాపు అర మీటరు పైకి లేపుతాయి. తల 2.2 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. అంత ఎత్తు నుంచి నేరుగా పడితే నేల తాకే వేగం గంటకు 24 కిలోమీటర్ల దగ్గరికొస్తుంది. సైకిల్, స్కేటింగ్ హెల్మెట్లకు యూరప్‌లో ఉన్న ఈఎన్ 1078 ప్రమాణం చదునైన దిమ్మె మీద పరీక్షించేది గంటకు 19.5 కిలోమీటర్ల వేగంతోనే. ఈ తేడా చూసి నాకు భయం వేసింది, వేయాలి కూడా. అయినా తల వెనక భాగం కిందికంటా దిగే స్కేటింగ్ హెల్మెట్టే తీసుకోమన్నాను. బైకు హెల్మెట్ గట్టిదే, కానీ దాని బరువు మెడను లాగుతుంది, ముఖమంతా మూసేదైతే కాళ్ళ ముందున్న నేలే కనిపించదు. స్కేటింగ్ హెల్మెట్ అంచు కనుబొమలకు రెండు వేళ్ళ పైన ఉండాలి, తల ఊపితే జరగకూడదు. లోపలిది థర్మాకోల్ అయితే ఒక్క గట్టి దెబ్బకే దాని పని అయిపోతుంది. పైకి బాగానే కనిపించినా మళ్ళీ పెట్టుకోవద్దు.

నాకు తలకన్నా ఎక్కువ దిగులు మణికట్టు గురించి. ముందుకు తూలితే మనకు తెలియకుండానే చేతులు చాస్తాం. అరచెయ్యి నేలకు పట్టేసిందంటే ఒంటి బరువంతా మణికట్టు ఎముకల మీద పడుతుంది. రిస్ట్ గార్డ్ అడుగున ఉండే ప్లాస్టిక్ బద్ద ఆ చేతిని నేల మీద జారనిస్తుంది, మణికట్టును వెనక్కి మరీ వంగనివ్వదు. జిమ్ గ్లవ్స్‌లో ఆ బద్ద ఉండదు, అవి పనికిరావు.

మోకాలి ప్యాడ్‌కు గట్టి చిప్ప ఉండాలి, పొడవు మాత్రం తక్కువుండాలి. స్టిల్ట్ పట్టీ బిగించేది మోకాలి కిందే కాబట్టి, పొడుగు ప్యాడ్ దానికి తగిలి పైకి నెట్టుకుపోతుంది. దుకాణంలో నిలబడి చూసుకుంటే ఇది తెలియదు. స్టిల్ట్స్ వెంట తీసుకెళ్ళి, రెండూ కట్టుకుని మోకాలు వంచి చూడాలి. మోచేతి ప్యాడ్లది ఇంత తలనొప్పి లేదు. స్ప్రింగు మన బరువుకు తగ్గదేనా, బద్ద మీద చీలికలున్నాయా, బోల్టులు వదులయ్యాయా అన్నది ఎక్కేముందు ప్రతిసారీ చూసుకోవాలి.

వాడు ఉత్సాహంగా అన్నిటికన్నా ముందు రిస్ట్ గార్డులు తొడుక్కున్నాడు. పార్కు గట్టు మీద కూర్చుని బకిల్ నొక్కబోతే వేళ్ళు వంగలేదు. మళ్ళీ విప్పాల్సొచ్చింది. ప్యాడ్లు, హెల్మెట్, స్టిల్ట్స్, చివరికి రిస్ట్ గార్డులు, ఇదీ వరస. విప్పేటప్పుడు తిరగేసుకోవాలి.

ఆ సాయంత్రం వాణ్ణి ఎగరనివ్వలేదు. స్టిల్ట్స్ పక్కన పెట్టించి, గడ్డి మీద ముందుకు పడడం నేర్పించాను. మోకాళ్ళు, మోచేతులు, ఆ తర్వాత అరచేతులు. నాలుగోసారికి ఎడమ మోకాలి ప్యాడ్ పిక్క మీదికి జారిపోయింది. లేచి కూర్చుని, సైజు మార్చుకొస్తానని జేబులో రసీదు వెతుక్కున్నాడు.