అసలూ నకిలీ ఒకే చీటీలో

భవానీపురం మందుల షాపులకు వచ్చే కీళ్లవాతం చీటీల్లో ఒక జంట తరచూ కనిపిస్తుంది. వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్, వేరే రోజున ఫోలిక్ యాసిడ్. రెండోది అసలు, మొదటిది దాని నకిలీ. రెండింటి కథలోనూ 1895లో భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు.

ఆ కథ అర్థం కావాలంటే ముందు ఒక వలయం గురించి తెలియాలి. కార్బన్ పరమాణువులు కట్టుకున్న వలయంలో నైట్రోజనో, ఆక్సిజనో, గంధకమో చేరితే దాన్ని హెటెరోసైక్లిక్ సమ్మేళనం అంటారు. పేరుకు హడలిపోనక్కర్లేదు. కాఫీలోని కెఫీన్, మన డీఎన్‌ఏలోని క్షారాలు ఆ కుటుంబానివే. వలయంలో ఉన్న నైట్రోజన్‌కు ప్రోటీన్లను పట్టుకునే గుణం ఉంటుంది. మందుల రసాయనవేత్త పనితనమంతా వలయాన్ని అలాగే ఉంచి, దాని అంచున ఏది తగిలించాలో తేల్చుకోవడంలోనే ఉంది.

సుబ్బారావు అన్నదమ్ములిద్దరిని స్ప్రూ వ్యాధి పొట్టనబెట్టుకుంది. ఆ జబ్బులో వచ్చే రక్తహీనతకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది. దాని తలభాగం టెరిడిన్, అంటే నాలుగు నైట్రోజన్లున్న జంట వలయం. ఆ వలయం మీది ఒక ఆక్సిజన్ స్థానంలో అమైనో గుంపును పెడితే అమినోప్టెరిన్. దానికి ఒక మిథైల్ చేరిస్తే మెథోట్రెక్సేట్. మార్పు ఇంతే. కణం మాత్రం దాన్ని చిలకలపూడి గిల్టు నగలా అసలనుకుని తీసుకుంటుంది. పైగా ఫోలిక్ యాసిడ్ మీద పనిచేసే ఎంజైము అసలు కంటే నకిలీనే గట్టిగా పట్టుకుని వదలదు. కొత్త డీఎన్‌ఏకు సరుకు అందక, వేగంగా పెరిగే కణాలు ఆగిపోతాయి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, కొందరిలో జబ్బు తాత్కాలికంగా తగ్గిందని 1948లో ప్రకటించారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. నోబెల్ రాలేదని ఆయన గురించి వాపోవడం మనకు అలవాటైపోయింది. ఈ అమైనో గుంపు సంగతి పిల్లలకు చెప్పడం అంతకంటే ముఖ్యమని నా అభిప్రాయం.

డెల్టావాసులకు మరీ దగ్గరిది బోదకాలు మందు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ ఈ జబ్బును మోస్తుంది. సూక్ష్మ ఫైలేరియాలు రాత్రిపూట రక్తంలోకి వస్తాయి కాబట్టే పరీక్షకు నెత్తురు రాత్రి తీసేవారు. సుబ్బారావు పర్యవేక్షణలోనే లెడర్లీలో 1947లో వెలువడిన డైఇథైల్ కార్బమజీన్ గుండెకాయ పైపెరజీన్ వలయం. అందులో ఆరు పరమాణువులుంటే రెండు నైట్రోజన్లు. ఒకదానికి మిథైల్, రెండోదానికి డైఇథైల్ కార్బమాయిల్ గుంపు తగిలించారు. దాంతోపాటు ఇచ్చే ఆల్బెండజోల్‌లో ఉన్నదీ నైట్రోజన్ వలయమే, బెంజిమిడజోల్.

ఈ బోదకాలు మందు వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. చాలావరకు అది చచ్చిపోతున్న పురుగుల ప్రభావం. అందుకు జడిసి బిళ్లలు గూట్లో పడేయవద్దు. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రంగా జబ్బుపడినవారు తప్ప మిగతా అందరూ, ఈ మందుల పంపిణీ జరిగే చోట ఏదైనా తిని ఆరోగ్య కార్యకర్త ఎదుటే మింగండి.