వంతవారి పేర్లు

భివండీలో సాంచెల మోత ఎరుగని చెవి లేదు. ఆ మోత యంత్రమునది. దాని నడుమ కూనిరాగము తీయువాడు మనుష్యుడు. ఈ భేదమును మరచినవారే అమెరికాలోని డెట్రాయిట్ నగరమున వెలసిన మోటౌన్ సంస్థ పాటలను ‘కార్ఖానా సరుకు’ అని తేల్చివేయుదురు. ఆ పాటలకు ప్రాణమైన వాద్యబృందము ఏర్పడిన తీరును పరిశీలించినచో ఈ మాట నిలువదని మా అభిప్రాయము.

డెట్రాయిట్ మోటారు కార్ల పట్టణము. తెలంగాణమునుండి సాంచెల పనికై మన పెద్దలు ఇచటికి వచ్చినట్లే, దక్షిణ రాష్ట్రములనుండి నల్లజాతి కుటుంబములు పనికై అచటికి వచ్చి, తమ పాటనుకూడ వెంట తెచ్చుకొనిరి. కార్ల కర్మాగారములో పనిచేసిన బెర్రీ గోర్డీ 1959లో తన కుటుంబమునుండి 800 డాలర్లు అప్పు తీసుకొని రికార్డుల సంస్థను స్థాపించెను. రాత్రులందు జాజ్ క్లబ్బులలో వాయించు నిపుణులను చేరదీసెను. పియానోకు జో హంటర్, బాస్ గిటారుకు జేమ్స్ జేమర్సన్, డ్రమ్ములకు బెన్నీ బెంజమిన్ కుదిరిరి. హంటర్ తరువాత ఎర్ల్ వాన్ డైక్ నాయకుడయ్యెను. వీరికే ‘ఫంక్ బ్రదర్స్’ అను పేరు వచ్చెను.

యజమాని కార్ఖానా పద్ధతిని అనుసరించెను గాని, లయ కార్ఖానానుండి పుట్టలేదు. ‘సోల్’ సంగీతమునకు మూలము చర్చిపాట: ఒకరు పలుకగా పదుగురు బదులు పలుకుట. బుర్రకథలో కథకుని పాటను వంతలు అందుకొనుట ఇట్టిదే. దీనికి జాజ్ నేర్పిన స్వేచ్ఛ తోడయ్యెను. జేమర్సన్ ఒక్క చూపుడువ్రేలితోనే తీగ మీటుచు, అడుగున అణగియుండు బాస్‌ను పాటతో సమానముగా మాటాడించెను. అట్టి పొందిక ఆజ్ఞచే రాదు; కలిసి వాయించి అలవడిన చేతులకే వచ్చును.

అయితే ఈ సంస్థ చరిత్రలో ఒక పెద్ద లోపము కలదు. ఏండ్ల తరబడి రికార్డు అట్టలపై గాయకుల పేర్లే గాని వీరి పేర్లు లేవు. 1971లో మార్విన్ గే పాడిన ‘వాట్స్ గోయింగ్ ఆన్’ రికార్డు వచ్చువరకు ఆ గౌరవము వీరికి దక్కలేదు. మరుసటి ఏడు సంస్థ లాస్ ఏంజెలెస్‌కు తరలగా బృందము చెదరెను. వీరి కథ 2002లో చలనచిత్రముగా వచ్చునప్పటికి, 1969లో బెంజమిన్, 1983లో జేమర్సన్ గతించియుండిరి.

ఇది మనకు పరాయి కథ కాదు. పటము విప్పి భావనాఋషి కథ చెప్పు కూనపులివారిలో ముందు నిలిచినవాని పేరును అడిగి తెలిసికొందుము. వెనుక తాళము వేసినవాని పేరు అడుగువారెందరు? చీరకు అంచు చూచి మెచ్చుకొందురు. పడుగును ఎవరును చూడరు. నేతవారమగు మనకు దాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. మార్కండేయ జయంతి ఆహ్వానపత్రికలో మద్దెలవాని పేరును, వంతవాని పేరునుకూడ అచ్చువేయుటకు అధికవ్యయము కాదు. ఈ మర్యాదను మన సంఘములు ఈ యేటనే ఆరంభింపవలెనని కోరుచున్నాము.