ఆయిలర్ బీజగణితములో ఒక మెలిక

లియొనార్డ్ ఆయిలర్ బీజగణిత గ్రంథము 1770లో జర్మను భాషలో వెలువడినది. కంటిచూపు దాదాపు పోయిన స్థితిలో ఆయన దీనిని చెప్పి వ్రాయించెను. కొత్తగా నేర్చువానిని చేయిపట్టి నడిపించు పుస్తకములలో ఇది ముందు చెప్పదగినది. అట్టి గ్రంథములోనే, ఋణసంఖ్యల వర్గమూలములను గూర్చిన అధ్యాయమున, పాఠకుని కాలు జారు చోటొకటి కలదు.

√−3ను √−3తో గుణించిన −3 వచ్చునని ఆయిలర్ సరిగనే చెప్పెను. ఆ పిమ్మటనే, √−1ను √−4తో గుణించిన √4, అనగా 2 వచ్చునని వ్రాసెను. √−4 అనగా 2√−1 కదా! అప్పుడు లబ్ధము −2 కావలెను. మొదటి మాటను నమ్మిన విద్యార్థి రెండవదానిని ఎట్లు నమ్మును?

ఆయిలర్ దృష్టిలో √4 అనగా +2, −2 రెండును గనుక ఇది తప్పు కాదని సమర్థించువారు కలరు. ఈ వాదము తోసివేయదగినది కాదు. వర్గమూలమునకు రెండు విలువలున్నవని ఆ అధ్యాయమందే చెప్పబడినది. కాని ఏ విలువను ఎప్పుడు గ్రహింపవలెనో చెప్పకపోవుట మాత్రము లోపమే.

ఈ చిక్కునకు మందును కూడ ఆయిలరే ఇచ్చెను. 1777 నాటి వ్యాసమొకదానిలో √−1కు బదులు ‘ఐ’ అను అక్షరమును వాడెను. ఆ వ్యాసము ఆయన మరణానంతరము 1794లో అచ్చయినది. రెండు మూలములలో ఒకదానిని ఎన్నుకొని పేరు పెట్టినచో, ఇక సందిగ్ధమునకు తావు లేదు. ఐ² = −1, ఐ³ = −ఐ, ఐ⁴ = 1; ఆపైన మరల మొదటికే వచ్చును. నాలుగేసి ఘాతములు 1గా మారి తొలగిపోవును గనుక, ఘాతాంకమును 4చే భాగించి శేషమును చూచిన చాలును. 2023కు శేషము 3; కావున ఐ²⁰²³ = −ఐ. ఋణ ఘాతాంకమునకును ఇదే మార్గము: −7 = 4 × (−2) + 1; కావున ఐ⁻⁷ = ఐ.

శేషసూత్రమును తడుముకొనక అప్పజెప్పు విద్యార్థియే √−2 × √−8 = 4 అని వ్రాయుట కలదు. ముందుగా ఐ√2 × 2ఐ√2 అని మార్చి వ్రాసినచో 4ఐ², అనగా −4 తేలును. ఘాతములను సూక్ష్మీకరించుట తరువాతి పని. మూలచిహ్నమును విడిచి ఐని చేపట్టుట మొదటి పని. ఆయిలర్ గ్రంథము నేటికిని చదువదగినదే. ఆ అధ్యాయమును మాత్రము కలము చేతబట్టి, ప్రతి √−1 చోటను ఐ వ్రాసికొనుచు చదువవలెను.