ముందు అడగనివ్వండి

మా దగ్గరికి వచ్చే ఆటిజం పిల్లల తల్లిదండ్రులు చాలామంది ముందుగా పిల్లాడికి ఏమేం వచ్చో చూపిస్తారు. "నాన్నా, మేడమ్‌కి రంగులు చెప్పు." వాడు గడగడా చెప్పేస్తాడు. జంతువులూ పండ్లూ కూడా. అదే పిల్లాడు దాహమేస్తే అమ్మ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళతాడు, నోట మాట రాదు. పేరు చెప్పడం వేరు, కావాలని అడగడం వేరు. 1957లోనే మనస్తత్వవేత్త స్కిన్నర్ ఈ రెంటినీ విడదీశాడు. ఇళ్లలో మాత్రం ఇప్పటికీ మొదటిదే చదువు.

నేను అడగడంతోనే మొదలుపెడతాను. పెక్స్ అని బొమ్మల కార్డుల పద్ధతి ఉంది. 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ రూపొందించారు. మొదటి మెట్టులో ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఒకరు బిస్కెట్ పట్టుకుని ఎదురుగా కూర్చుంటారు, ఇంకొకరు పిల్లాడి వెనక. వాడు బిస్కెట్ కోసం చెయ్యి చాపగానే వెనకున్నవారు నోరు మెదపకుండా ఆ చేత కార్డు తీయించి, ఎదుటివారి అరచేతిలో పెట్టిస్తారు. కార్డు అందిన మరుక్షణం "బిస్కెట్!" అంటూ ఇచ్చెయ్యాలి. "ఏం కావాలి? చెప్పు" అనకూడదు. తల్లులకు ఇదే మహా కష్టం. కానీ మనం అడిగితేనే చెప్పడం అలవాటైతే, మనం అడగని పూట వాడు దాహంతోనే ఉంటాడు.

కార్డులకు మరిగితే ఇక మాట్లాడడేమోనని భయపడతారు. పరిశోధనల్లో అలా తేలలేదు. కొందరికి మాటలు పెరిగాయి కూడా.

మాటలొచ్చిన పిల్లలతో ఇంకో చిక్కు. పాలు కావాలంటే "పాలు తాగుతావా?" అంటారు, విన్నది విన్నట్టే. తమను తాము 'నువ్వు' అనుకునే ఈ తీరు గురించి మనోవైద్యుడు కానర్ 1943లోనే రాశాడు. తెలుగులో ఆ 'నువ్వు' క్రియ చివర దాక్కుంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లు పోల్చుకోలేరు. "నాకొద్దు కన్నా, నువ్వు తాగు" అనేస్తారు! ప్రశ్న మానేసి, వాడు అనాల్సిన మాటే మీరు అనండి అంటాను. గ్లాసు చూపించి "పాలు తాగుతాను" అని ఆగండి. ఆ ఆగడం కాస్త ఎక్కువసేపే ఉండాలి.

"ఇంట్లో ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడమన్నారు మేడమ్" అంటారు కొందరు. ఈ సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది. రెండు భాషల వల్ల ఆటిజం పిల్లలకు మాట వెనకబడుతుందని ఆధారమేమీ లేదు. పైగా ఇంగ్లిష్ రాని నానమ్మ ఆ రోజు నుంచి మనవడితో మాట్లాడటమే మానేస్తుంది. అలాంటి ఇంటివాళ్లు వస్తే, బిస్కెట్ పట్టుకుని ఎదురుగా కూర్చోడానికి నేను ఆవిడనే పిలుస్తాను.